కూర్చుండలేని బాధ



నేను వైద్యురాలను గాను. దివిసీమలో నొక గ్రామపు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పు నుపాధ్యాయుని భార్యను. మా నాయనగారు గుడివాడలో నన్ను ఇంటియొద్దనే కూర్చుండబెట్టి అమరమును, భారతమును జెప్పిరి. విడువని నొప్పితో నున్న భర్తకు ఎట్లు పరిచర్య చేయవలయునో ఆ చదువులో రాలేదు. ఆఱేండ్లుగా మావారు పడుచున్న యొక నరముల బాధయే నాకది నేర్పినది. ఇట్టి సంగతి పత్రికకు వ్రాయదగునా యని మీలో కొందఱకు సంకోచము గలుగవచ్చును. ఆ సంకోచమువలననే మా యింట మూడేండ్లు వ్యర్థమైనవి గనుక దానిని ప్రక్కకు బెట్టి వ్రాయుచున్నాను.

మొదట నా కంటబడినది ఒక శ్రావణమాసమున సత్యనారాయణ వ్రతమునాడు. ఇద్దఱమును పీటలమీద గూర్చుంటిమి. రెండవ కథ ముగియకమునుపే వారి మొగము పాలిపోయి చెమట పట్టెను. లేచి పెరటిలోనికి బోయిరి. పీటలమీదినుండి నడుమ లేచుట అశుభమని అత్తగారు కన్నీరు పెట్టుకొనిరి. వారు మరల రాలేదు. తక్కిన కథ నేనొక్కతెనే వింటిని. రాత్రి అడుగగా “కడుపులో తిప్పింది” అనిరి. అది అబద్ధము.

అటుపిమ్మట ఒక్కొక్కటియే తెలియసాగెను. పెండ్లిలో బంతిని గూర్చుండక వడ్డనకు నిలుచువారు. బందరు బస్సులో చోటున్నను కమ్మి పట్టుకొని నిలుచుండెడివారు. పన్నెండేండ్లుగా కాలువగట్టు వెంబడి సైకిలెక్కి బడికి బోయినవారు దానిని నడిపించుకొనుచు పోవసాగిరి. రాత్రులు నాకు దూరముగా గోడవైపు తిరిగి పరుండెడివారు. దీనికి మాత్రము నేను చెప్పుకొన్న యర్థము వేఱు. నామీద మనసు విఱిగినదనుకొంటిని. అడుగుటకు నాకు అభిమానము అడ్డువచ్చినది; చెప్పుటకు వారికి సిగ్గు అడ్డువచ్చినది. ఒకే యింటిలో రెండు లంకలవలె నుంటిమి.

ఆ దినములలో వారు నాకు దెలియకుండ చేసికొన్న వైద్యములు తరువాత బయటపడినవి. ‘రహస్యవ్యాధులు’ అను ప్రకటన జూచి యొకచోటికి బోయి, నెలజీతములో సగము పోసి చూర్ణపు పొట్లములు దెచ్చి పుస్తకముల బీరువాలో దాచిరి. ఒక వైద్యుడు గృధ్రసి యని తైలమిచ్చెను. మూత్రపరీక్ష, స్కానింగు, వెన్నెముక చిత్రము, అన్నింటిలోను దోషము లేదనియే వచ్చినది. మఱియొక పెద్దవైద్యుడు కాగితములు త్రిప్పి, “నీకేమీ లేదు, మనసు గట్టి చేసుకో” అనెనట. నొప్పికంటె నా మాటయే తమ్ము క్రుంగదీసినదని వారనిరి.

బీరువా దులుపుచుండగా పొట్లములు నా చేతబడిన నాడు నేను ఏడ్చి నిలదీసితిని. అప్పుడు చెప్పిరి: “కూర్చుంటే నిప్పుల మీద కూర్చున్నట్టు ఉంటుంది. లేస్తే తగ్గుతుంది. ఎక్కడ అని ఎవరికి చెప్పను?” నాకు మొదట కలిగినది జాలి కాదు, సంతోషము. నామీద అయిష్టము కాదుగదా యని! ఆ సంతోషమునకు మఱుక్షణమే సిగ్గుపడితిని.

ఆ వారమే ఇద్దఱమును కలసి బందరు పోతిమి. అచ్చటి యొక చిన్నవయసు వైద్యురాలు మావారిని కూర్చుండుమని యనక, నిలుచున్నవారిని నిలుచున్నట్లే మాటలాడించెను. కూర్చున్న హెచ్చునా? నడుమ ఖాళీగల మరుగుదొడ్డి పీటమీద కూర్చున్న తగ్గునా? నిద్రలో నొప్పికి మెలకువ వచ్చునా? మొదటి రెంటికి అవుననియు, మూడవదానికి లేదనియు చెప్పిరి. ఆ ప్రశ్నలు ఆమెకు తోచి యడిగినవి కావు. ఫ్రాన్సుదేశపు నాంత్ నగరమున వైద్యులు కూడి నిర్ణయించి 2008లో ప్రకటించిన గుఱుతులలోనివి. సైకిలు సంగతి వినగానే ఆమె తల యూచినది. ఆ దేశమందే 1987లో సైకిలు త్రొక్కువారికి ఈ నరము నొక్కుకొనుటను గూర్చి అమరెంకో యను వైద్యుడును తోడివారును వ్రాసియున్నారట.

దాని పేరు ప్యూడెండల్ నరము. వెన్నెముక యడుగున త్రికాస్థినుండి వెలువడి, కటిలోపల నొక సన్నని మార్గమున బోయి, మలమూత్రద్వారములకును జననేంద్రియమునకును స్పర్శ నిచ్చును. ఆ మార్గమును 1836లో వర్ణించిన ఐర్లండువాడగు ఆల్కాకు పేర దానిని ఆల్కాకు కాలువ యందురు. కాలువ యనగానే నాకు సులభముగా బోధపడినది. ఎగువను పులిగడ్డవద్ద అడ్డుపడినచో బీటలు వాఱునది కోడూరు, నాగాయలంక శివారు మడులు గదా! శివారు రైతు తన మడిలో నెంత వెదకినను కారణము దొరకదు. అట్లే నరము పైన నొక్కుకొన్నచో నొప్పి చివరను దెలియును; చివరను పరీక్షించినవారికి ఏమియు కానరాదు. ఇక ప్యూడెండల్ అను మాటకు లాటినులో సిగ్గుపడుట యని మూలార్థము. పేరు పెట్టినవారును మావారివంటివారే కాబోలు.

ఇది పురుషుల వ్యాధి యనుకొనకుడు. కష్టప్రసవములో ఈ నరము సాగి నలిగి, స్త్రీలకును ఇదే బాధ రావచ్చును. కాన్పు తరువాత నెలలు గడచినను కూర్చుండలేక, పైకి చెప్పక, పనిదొంగ యనిపించుకొన్న కోడండ్రు మన యూళ్లలో ఎందఱున్నారో! మఱియొక హెచ్చరిక: కూర్చున్నచోట తిమ్మిరెక్కి స్పర్శ పోయినను, మూత్రము బిగిసినను, అదుపు తప్పినను, కాళ్లు బలహీనపడినను అది వేఱు సంగతి, ఆ గంటలోనే ఆసుపత్రికి బోవలయును.

చికిత్సలో మొదటిది సైకిలు మానుట. రాత్రిపూట అమిట్రిప్టిలిన్ అను మాత్ర, కొద్దికొద్దిగా హెచ్చించుచు ఇచ్చిరి. అది నరముల నొప్పిని అణచును గాని నోరు ఎండును, ఉదయము మత్తుగా నుండును, మలబద్ధము చేయును. వైద్యుల మాట లేక ఒక్కసారిగా మానరాదు. మలబద్ధమైనచో ముక్కుట, ముక్కినచో నొప్పి. కావున మా వంటయింట దంపుడుబియ్యము, తోటకూర, బొప్పాయి హెచ్చినవి, రాత్రి ఇసప్‌గోలు పొట్టు అలవాటైనది. కటి కండరములను బిగించు వ్యాయామమును ఎవరో చెప్పగా మొదలుపెట్టిరి, నొప్పి రెట్టించినది. వారికి కావలసినది బిగింపు కాదు, సడలింపు. దానిని నేర్పువారు వేఱుగా నున్నారు. నరమువద్ద మందు సూదిగా వేయు వైద్యము రెండుమాఱులు జరిగినది. మొదటిది కొన్నివారములు, రెండవది అంతకంటె హెచ్చుకాలము నిలిచినది. అందఱకు నట్లే యగునని చెప్పజాలను.

దిండు సంగతి నా గొప్ప. మొదట బూరుగుదూదితో కుట్టితిని. వారములో అణగి పలకయైనది. గుండ్రని ట్యూబువంటిది కొంటిమి, అదియు ఒదుగలేదు. చివరకు పరుపుల దుకాణమున గట్టి స్పాంజి ముక్క తీసికొని, ముందువైపు తెఱపి యుండునట్లు గుఱ్ఱపు లాడము ఆకారమున కోయించితిని. బరువు ఇరుప్రక్కల ఎముకలమీద పడును, నడుమ తాకదు. దానికి సంచి కుట్టి పిడి పెట్టితిని. చూచినవారు పుస్తకముల సంచి యనుకొందురు.

వ్రాతబల్లకు మాత్రము ఉపాయము తోచలేదు. పరీక్షల కాలమున కాగితములు దిద్దుట ఎట్లు? ఒకనాటి సాయంకాలము వారే కట్టతో వంటింటిలోనికి వచ్చి, నేను కూరలు తరుగు గట్టుమీద పెట్టుకొని నిలుచుండి దిద్దసాగిరి. ఎత్తు సరిపోయినది. ఉపాధ్యాయుడు వంటయింట నుండుటయేమని అత్తగారు రెండుదినములు గొణిగి, మూడవనాడు తామే గట్టు తుడిచి పెట్టిరి. మూడేండ్లుగా నిలిచిపోయిన మాటలు అచ్చటనే మరల మొదలైనవి. పిల్లలు వ్రాసిన తప్పులు చదివి వినిపించెడివారు; నేను పోపు మాడ్చుకొనెడిదానను.

దాంపత్యమును గూర్చి ఒక్కమాట. ఈ నరము చేయు పనినిబట్టి ఆ విషయమునందును బాధ యుండును. దానిని వైద్యురాలియెదుట నేనే అడిగితిని; ఆమె సిగ్గుపడక సమాధానము చెప్పినది. తొందర లేదనియు, తప్పెవరిది కాదనియు ఇద్దఱకు దెలిసిన తరువాత గోడవైపు తిరుగుట మానిరి. అంతకంటె వ్రాయను.

నా పొరపాటొకటి చెప్పవలయును. సంగతి తెలిసినపిమ్మట నేను గంటగంటకును “ఇప్పుడెలా ఉందండీ?” అని యడుగసాగితిని. విసిగి “పరవాలేదు” అనుట అలవాటు చేసికొనిరి, మరల అబద్ధములు! అరణ్యపర్వమున ద్రౌపది సత్యభామకు చెప్పిన పతిసేవలో, ఎప్పుడు అడుగకుండవలయునో నాకెక్కడను దొరకలేదు. అప్పుడొక యేర్పాటు చేసికొంటిమి. దేవుని గూటిలో ఇత్తడిగిన్నె పెట్టితిని. రాత్రి పరుండబోవుముందు నాటి నొప్పిని పదింటికి కొలిచి అన్ని చింతగింజలు వారు అందులో వేయుదురు. నేను లెక్కించి క్యాలెండరుమీద వ్రాసి ఊరకుందును. ఏడు దాటిననాడు చుట్టములను రానీయను. బందరు పోవునప్పుడు క్యాలెండరే మా కాగితము. నాకు కోపము వచ్చిననాడు కృష్ణ కరకట్టమీద ఒంటరిగా కొంతదూరము నడచి వత్తును. ఆ గంట అత్తగారు వారిని చూచుకొందురు.

మొన్న మా తమ్ముని గృహప్రవేశమునకు బందరునుండి గుడివాడకు రైలెక్కితిమి. పెడనవఱకు వారు తలుపువద్ద నిలుచుండిరి. పెడనలో దిండు వేసికొని కూర్చుండిరి. వడ్లమన్నాడు దాటినది, కవుతరము దాటినది. నేను గడియారము చూచుట వారు చూచిరి. గుడ్లవల్లేరులో ఒక ముసలమ్మ బుట్టతో నెక్కగా లేచి ఆమెకు చోటిచ్చిరి. ఆమె దిండుమీద కూర్చుండి, “మెత్తగా ఉంది నాయనా, నీకెందుకూ ఇది?” అనెను. “కూర్చోవడానికమ్మా” అని మావారు నవ్విరి. ఆ రాత్రి మా పుట్టినింట ఇత్తడిగిన్నె లేదు. వారు నా అరచేతిలో మూడు గింజలు పెట్టిరి.