షుగరు బిళ్లల మీద పడిన నింద

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఏ వైపు వెళ్లినా షుగరున్న ఇళ్లలో ఒక భయం ఉంటుంది: బిళ్లలు ఏళ్ల తరబడి మింగితే కిడ్నీలు పోతాయని. ఈ భయానికి బలం చేకూరేది ఆసుపత్రి వార్డులోనే. వాంతులు, విరేచనాలతోనో, కాలి పుండు ముదిరో మనిషి అడ్మిట్ అవుతాడు. కిడ్నీ మందగిస్తే రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఎక్కువైందని తేలగానే డాక్టరు షుగరు బిళ్ల అయిన మెట్‌ఫార్మిన్ ఆపేస్తారు. ఆపారంటే చెరిపింది అదేనని ఇంట్లోవాళ్లు తేల్చుకుంటారు. కానీ మెట్‌ఫార్మిన్ కిడ్నీని చెరపదు. అది ఒంట్లో కరిగిపోకుండా మూత్రంలోనే బయటికి పోవాలి. కిడ్నీ మందగిస్తే రక్తంలో పేరుకుని లాక్టిక్ ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. తూము పూడిపోయిన చెరువుకు కట్ట తెగకుండా పైకాలువ మళ్లిస్తారు. అంతమాత్రాన తూమును పూడ్చింది ఆ నీళ్లేనని ఎవరూ అనరు. పూడిక తీశాక కాలువ మళ్లీ చెరువుకే వదులుతారు. కిడ్నీ కోలుకున్నాక బిళ్ల మళ్లీ రాసేదీ అందుకే.

మరి చెరిపిందేమిటి? ఏళ్లుగా అదుపు తప్పిన షుగరు, బీపీ. అలా బలహీనపడిన కిడ్నీని ఒంట్లో నీరు తగ్గడం, రక్తానికి పాకిన ఇన్ఫెక్షన్, నొప్పి మాత్రలు నాలుగు రోజుల్లో కూలదోస్తాయి. మగ్గం గుంటలో రోజంతా కూర్చుని నడుం పట్టేసిన నేతగాడు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అడిగి తెచ్చుకుంటాడు. నీరు తగ్గినప్పుడు కిడ్నీ తనకు రక్తం తెచ్చే నాళాన్ని వెడల్పు చేసుకుని నెట్టుకొస్తుంది. సరిగ్గా ఆ ఏర్పాటునే ఈ మాత్ర దెబ్బతీస్తుంది. ఇంత చేసిన మాత్రను ఎవరూ అనుమానించరు, నింద మాత్రం షుగరు బిళ్లకు!

బిళ్లలు మానేసి పసరు తాగితే షుగరు దిగిందిగా అంటారు కొందరు. దిగవచ్చు. ఇన్సులిన్‌లో గణనీయమైన భాగాన్ని కిడ్నీ తొలగిస్తుంది. అది పాడైతే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, ఆకలీ చచ్చిపోతుంది. మందు లేకుండానే దిగిన ఆ షుగరును చూసి సంతోషించకూడదు, పరీక్షకు పరుగెత్తాలి. పైగా 2019లో వెలువడిన క్రెడెన్స్ పరిశోధనలో కెనాగ్లిఫ్లోజిన్ అనే షుగరు బిళ్ల కిడ్నీ క్షీణత వేగాన్ని బాగా తగ్గించిందని తేలింది. వాంతులతో తిండి పోనప్పుడు దాన్నీ తాత్కాలికంగా ఆపుతారు, కిడ్నీని కాపాడే మందే అయినా.

క్రియాటినిన్ మామూలుగా ఉందని ధీమా పనికిరాదు. కిడ్నీ వడపోత సగం తగ్గేదాకా అది పెద్దగా కదలకపోవచ్చు. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ అంతకంటే ముందే కనిపిస్తుంది కనుక ఆ పరీక్ష ఏడాదికోసారి చేయించాలి. అడ్మిట్ అయ్యేటప్పుడు షుగరు చీటీతో పాటు నొప్పి మాత్రల అట్టా, పసరు సీసా కూడా డాక్టరు ముందు పెట్టాలి.