ఎడమకాలికి సెలవివ్వండి!

కొత్త కారొచ్చింది. ఆటోమేటిక్. క్లచ్ లేదు, గేర్లు మార్చే బాదరబందీ లేదు. పాతికేళ్లు గేర్ల బండి నడిపిన తాతయ్య హుషారుగా స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పక్కన నానమ్మ, వెనక మనవలు. వీధి మలుపులో స్పీడ్‌ బ్రేకర్ కనిపించింది. అలవాటు కొద్దీ తాతయ్య ఎడమకాలు క్లచ్ కోసం లేచింది. దానికి తగిలింది మాత్రం వెడల్పాటి బ్రేకు పెడల్! కాలు దాన్ని అడుగుదాకా తొక్కేసింది. కారు ఉన్నచోటే నిలబడిపోయింది. పిల్లలు ముందు సీట్లకు గుద్దుకున్నారు. వెనకాలే వస్తున్న ఆటో జానెడు దూరంలో ఆగింది.

గేర్ల కారు నుంచి ఆటోమేటిక్‌కి మారిన చాలా ఇళ్లలో మొదటి వారం ఇలాంటి ముచ్చట ఒకటి ఉంటుంది. కాసేపు నవ్వుకుని మర్చిపోతారు. కానీ అందులోనే ఓ పెద్ద ప్రశ్న దాగుంది. పెడళ్లు రెండు, కాళ్లూ రెండే. కుడికాలికి యాక్సిలరేటర్, ఎడమకాలికి బ్రేకు పంచి ఇచ్చేస్తే పోలా?

కుడికాలికే రెండు పనులు

గేర్ల కారులో ఈ సందేహానికి చోటే లేదు. ఎడమకాలు క్లచ్‌కి అంకితం. బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ కుడికాలి బాధ్యత. డ్రైవింగ్ స్కూల్లో మొదటిరోజు నేర్పే పాఠమిది. మన దేశంలో చాలాకాలం ఆటోమేటిక్ అంటే ఖరీదైన కార్ల వ్యవహారం. 2014లో మారుతి సెలెరియో ఏఎంటీ గేరుబాక్సుతో వచ్చాక అది మధ్యతరగతి వాకిట్లోకీ వచ్చింది. ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్లూ తోడయ్యాయి. వాటిలోనూ క్లచ్ ఉండదు. అలా ఎడమకాలికి ఒక్కసారిగా పని లేకుండా పోయింది. చిక్కంతా అక్కడే మొదలైంది.

రేసుల్లో చెల్లింది కదా!

ఎడమకాలితో బ్రేకు వేసేవాళ్లు లేకపోలేదు. 1960ల్లో ఫిన్లండ్‌కి చెందిన ర్యాలీ వీరులు రౌనో ఆల్టోనెన్, టిమో మాకినెన్ చిన్న మినీ కూపర్ కార్లతో మాంటెకార్లో ర్యాలీని గెలిచారు. కుడికాలు యాక్సిలరేటర్ మీద ఉండగానే ఎడమకాలితో బ్రేకు తాకించి, మంచు రోడ్ల మలుపుల్లో కారును తిప్పడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. ఫార్ములా వన్‌లో 1989లో ఫెరారీ స్టీరింగ్ వెనక మీటలతో గేర్లు మార్చే పద్ధతి తెచ్చింది. మిగతా జట్లూ అదే దారి పట్టాక మలుపుల్లో క్లచ్ తొక్కే పని తప్పింది. క్రమంగా అక్కడా ఎడమకాలి బ్రేకే మామూలైంది. పిల్లలు సరదాగా నడిపే గో-కార్ట్‌లోనూ ఎడమవైపు బ్రేకు, కుడివైపు యాక్సిలరేటరే.

దీనివల్ల సమయం కలిసొస్తుందనేది ఎడమకాలి పక్షం వాదన. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకి దాదాపు 17 మీటర్లు దూసుకుపోతుంది. ఒక పెడల్ మీంచి మరోదాని మీదికి కాలు మారడానికి సెకనులో ఐదో వంతు పట్టిందనుకున్నా మూడు మీటర్లకు పైగా ముందుకెళ్లినట్టే. వినడానికి లెక్క బాగానే ఉంది. కానీ రేసు డ్రైవర్ చుట్టూ స్కూటర్లు, ఆవులు, రోడ్డు దాటే పిల్లలు ఉండరు. పైగా అతను ఏళ్ల తరబడి సాధన చేసినవాడు.

సుతిమెత్తగా తొక్కడం రాదు

క్లచ్ అలవాటైన ఎడమకాలికి అడుగంటా తొక్కడమే తెలుసు. బ్రేకును కొద్దికొద్దిగా నొక్కే నేర్పు కుడికాలిదే. అందుకే ఎడమకాలు వేసే బ్రేకు సడెన్ బ్రేకవుతుంది. వెనకనుంచి వచ్చే బండి గుద్దేస్తుంది.

రెండోది, బద్ధకం. పని లేని కాలు బ్రేకు పెడల్ మీదే సేదతీరుతుంది. కొంచెం బరువు పడినా బ్రేకు లైట్లు వెలుగుతూనే ఉంటాయి. నిజంగా ఆగుతున్నారో లేదో వెనకవాళ్లకు తెలీదు. బ్రేకు ప్యాడ్లు అరిగిపోతాయి. ఘాట్ రోడ్డులో అయితే వేడెక్కి పట్టు సడలుతుంది.

మూడోదే అసలు ప్రమాదం. గుండె ఝల్లుమన్నప్పుడు మనిషి రెండు కాళ్లూ బిగుసుకుంటాయి. రెండు పెడళ్ల మీదా కాళ్లుంటే రెండూ ఒక్కసారే పడతాయి. ఇలాంటప్పుడు ఇంజిన్ శక్తిని తగ్గించే ఏర్పాటు కొత్త కార్లలో చాలావాటికి ఉంది. అన్నిటికీ ఉందనుకోలేం. ఒకే కాలితో నడిపితే ఆ బెడదే లేదు. కుడికాలు బ్రేకు మీద ఉందంటే, యాక్సిలరేటర్ మీద లేనట్టే!

బ్రేకే అనుకుని...

మరి కుడికాలు పొరపాటు చేయదా? చేస్తుంది. 2024 జులై 1 రాత్రి దక్షిణకొరియా రాజధాని సియోల్‌లో సిటీహాల్ దగ్గర ఓ కారు వన్‌వేలో ఎదురుగా దూసుకెళ్లి జనం మీద పడింది. తొమ్మిదిమంది చనిపోయారు. బ్రేకు తొక్కినా కారు ఆగలేదన్నాడు 68 ఏళ్ల డ్రైవర్. దర్యాప్తులో తేలింది వేరు. అతని కుడి బూటు అడుగున ఉన్నది యాక్సిలరేటర్ పెడల్ ముద్ర! 2019 ఏప్రిల్‌లో టోక్యోలోని ఇకెబుకురోలో 87 ఏళ్ల పెద్దాయన ఇలాగే యాక్సిలరేటర్ తొక్కడంతో ఓ తల్లి, ఆమె మూడేళ్ల కూతురు బలయ్యారు. కారుదే లోపమని ఆయనా వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు.

వీళ్లు కావాలని అబద్ధమాడారనుకోనక్కర్లేదు. కాలు బ్రేకు మీదే ఉందని మనసు గట్టిగా నమ్ముతుంది. కారు ఆగకపోయేసరికి ఇంకా బలంగా తొక్కుతారు. తొక్కేకొద్దీ వేగం పెరుగుతుంది. 1980ల్లో అమెరికాలో ఆడి 5000 కార్లు వాటంతటవే దూసుకెళ్తున్నాయని పెద్ద గగ్గోలు రేగింది. అక్కడి రహదారి భద్రతా సంస్థ పరిశీలించి, ఎక్కువ ఘటనలకు పెడల్ పొరపాటే కారణమని 1989లో తేల్చింది. ఇప్పటి ఆటోమేటిక్‌లలో బ్రేకు తొక్కితేగానీ గేరు ‘పి’ నుంచి కదలకపోవడానికి మూలం ఆ గొడవలే. జపాన్ మరో అడుగు ముందుకేసింది. తప్పు పెడల్ తొక్కినా ఎదుట అడ్డు ఉంటే కారును అదుపుచేసే పరికరాన్ని కొత్త ఆటోమేటిక్ కార్లలో 2028 సెప్టెంబరు నుంచి తప్పనిసరి చేయాలని నిర్ణయించింది.

అంటే, ఎడమకాలిని పక్కన పెట్టడం సగం జాగ్రత్తే. మిగతా సగం కుడికాలికి దారి నేర్పడం.

ఇవి గుర్తుంచుకోండి

* ఎడమకాలిని ఎడమ చివరన ఉండే ఫుట్‌రెస్ట్ మీద పెట్టి మర్చిపోండి. మొదట్లో మడమను కాస్త వెనక్కి లాగి ఉంచుకుంటే తొందరపడి లేవదు.

* కుడి మడమ బ్రేకుకి ఎదురుగా నేలమీద ఆనాలి. యాక్సిలరేటర్‌కి పాదం ముందు భాగమే తిరగాలి.

* రద్దీలో, పార్కింగ్‌లో కాలు బ్రేకు మీదే ఉంచండి. అనుమానం వస్తే కాలు పూర్తిగా పైకెత్తి, మళ్లీ బ్రేకు వెతుక్కోండి.

* కారు అదుపు తప్పితే బ్రేకును ఒకేసారి గట్టిగా తొక్కి పట్టుకోండి. తొక్కుతూ వదులుతూ ఉండొద్దు. గేరును ‘ఎన్’లోకి మార్చండి.

* వదులు చెప్పులు, పెడళ్ల కిందికి జారే మ్యాట్లు వద్దు.

* కొత్త కారుతో మొదటి సాధన ఖాళీ మైదానంలోనే.

తాతయ్యకూ ఇప్పుడు అదే మందు. ఓ రెండు ఆదివారాలు పొద్దున్నే ఖాళీ మైదానంలో తిప్పితే చాలు. పాతికేళ్లు క్లచ్ తొక్కి అలసిన ఎడమకాలు హాయిగా విశ్రాంతి తీసుకోవడం నేర్చేసుకుంటుంది. మనవల్ని ఎక్కించుకునేది ఆ తర్వాతే!