పాత బండి వణుకుతోందా? ఎప్పుడు, ఎక్కడ అని అడగండి!

"పాత బండి కదా, ఆ మాత్రం వణుకు ఉండదా?"

సెకండ్‌హాండ్‌లో కొన్న పెద్ద బండి వాకిట్లోకి వచ్చిన నెల రోజులకి ప్రతి ఇంట్లోనూ వినిపించే మాట ఇది. అనేది స్టీరింగు పట్టుకున్నవారు. వినేది మధ్య సీట్లో ఒక చేత్తో పిల్లాణ్ణి, ఇంకో చేత్తో కిటికీ పైనున్న పిడినీ పట్టుకుని కూచున్న మనం. ఆ సమాధానంతో సర్దుకుపోవడం మనకి అలవాటే. కానీ ఈ ఒక్క విషయంలో సర్దుకుపోకూడదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ఆకివీడు, ఉండి, కైకలూరు వైపు ఇలాంటి బళ్ళకి కొదవ లేదు. చెరువుల మీద బతికే ఊళ్ళు మావి. మేత బస్తాలు వేసుకోవాలి, చెరువు గట్ల మీద తిరగాలి, ఆదివారం నాడు అదే బండి కడిగి ఇంటిల్లిపాదీ ఎక్కి కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనానికి వెళ్ళాలి. చిన్న కారుతో ఇన్ని పనులు కావు. కొత్త పెద్ద బండి కొందామంటే చేపల ధర ఏ నెల ఎలా ఉంటుందో చెప్పలేం. అందుకే 1994లో వచ్చిన టాటా సుమో దగ్గర్నుంచి, 2000లో దిగిన క్వాలిస్, బొలెరో, 2002 నాటి స్కార్పియో దాకా అన్నీ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ వచ్చాయి. 2005లో ఇన్నోవా రావడంతో క్వాలిస్ తప్పుకుంది. సుమో తయారీ 2019లో ఆగింది. తయారీ ఆగినంత మాత్రాన బళ్ళు ఆగుతాయా!

ఈ బళ్ళన్నిటి కట్టుబడీ దాదాపు లారీ పద్ధతే. కింద నిచ్చెనలాంటి ఇనుప ఛాసిస్. దాని మీద రబ్బరు దిమ్మలు వేసి కూర్చోబెట్టిన బాడీ. ముందున్న ఇంజను బలాన్ని వెనక చక్రాలకి చేరవెయ్యడానికి బండి పొట్ట కింద గిర్రున తిరిగే పొడవాటి ఇనుప గొట్టం. దాన్నే ప్రొపెల్లర్ షాఫ్టు అంటారు. కాబట్టి కాస్త మోటుగా ఉండటం వీటి స్వభావం, ఒప్పుకుంటాను. కానీ మోటుతనం వేరు, వణుకు వేరు. నిన్న లేనిది ఇవాళ వచ్చిందంటే ఎక్కడో ఏదో అరిగింది, వదులైంది, లేదా ఏదో అంటుకుంది.

మిక్సీకి తెలిసిందే బండికీ

యంత్రాల సంగతి మనకేం తెలుసు అనుకోకండి. వాషింగ్ మెషీన్లో తడిదుప్పటి ఒక పక్కకి ముద్దగా చేరితే, నీళ్ళు పిండే తిప్పుడు మొదలవగానే మెషీను గంతులు వేస్తుంది. ఆపి, దుప్పటి విడదీసి, సర్ది మళ్ళీ వేస్తాం. చక్రాలకి చేసే బ్యాలెన్సింగ్ అచ్చంగా ఇదే పని. మిక్సీ కింద రబ్బరు కాళ్ళు గట్టిపడిపోతే జారులో ఏమీ లేకపోయినా వంటగట్టు దడదడలాడుతుంది. బండిలో ఇంజన్ మౌంటింగులు ఆ రబ్బరు కాళ్ళే. ఇక జారు అడుగున పళ్ళ రబ్బరు అరిగిందనుకోండి, ఖాళీగా తిరిగినంతసేపూ బాగానే ఉంటుంది, నానబెట్టిన మినప్పప్పు పడగానే గరగరమంటుంది. ప్రొపెల్లర్ షాఫ్టు చివర్లలో ఉండే క్రాసులు అరిగినప్పుడూ అంతే. బరువు పడినప్పుడే బయటపడతాయి.

అందుకని మొదటి ప్రశ్న "ఎప్పుడు?" బండి నిలబడి ఉన్నప్పుడా, ఒక వేగం దాటాకా, ఎక్సిలేటరు తొక్కినప్పుడా, బ్రేకు వేసినప్పుడా? రెండో ప్రశ్న "ఎక్కడ?" స్టీరింగు చేతుల్లో వణికితే ముందు చక్రాలని అనుమానించాలి. స్టీరింగు నిమ్మళంగా ఉండి సీటు ఊగుతుంటే వెనక చక్రాలని. పాదాల కింద ఇనుప రేకు జుమ్మంటుంటే షాఫ్టుని. చూశారా, ఈ మూడింటిలో రెండు డ్రైవరు సీట్లో కన్నా మధ్య సీట్లో కూర్చున్నవాళ్ళకే బాగా తెలుస్తాయి!

వణుకు తీరు కూడా గమనించాలి. ఈ బళ్ళ టైరు ఒక చుట్టు తిరిగితే బండి రెండుంబావు మీటర్ల దూరం పోతుంది. అంటే గంటకి 80 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకి దాదాపు పది చుట్లు తిరుగుతుంది. షాఫ్టు దానికి నాలుగింతలు, సుమారు నలభై చుట్లు. చక్రంలో లోపముంటే 'దబదబ'మని విడివిడిగా ఒళ్ళు ఊగుతుంది. షాఫ్టులో లోపముంటే తుమ్మెద చెవి దగ్గర తిరిగినట్టు 'జుయ్యి'మని ఒకటే నాదం, అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఈ తేడా ఒకసారి పట్టుకుంటే మరిచిపోరు.

గట్టు మట్టి చేసే పని

మా వైపు బళ్ళకి ఒక ప్రత్యేకమైన జబ్బుంది. మాది నల్లరేగడి. తడిస్తే బంకలా పట్టుకుంటుంది, ఆరితే రాయి అవుతుంది. చెరువు గట్టు మీద తిరిగొచ్చిన బండి చక్రాల రిమ్ముల లోపలి వైపు ఈ మట్టి అంటుకుని, రాత్రంతా కిందికి జారి ఒక పక్కన ముద్దకట్టి ఎండిపోతుంది. బయటి వైపు కడుగుతాం, మెరుస్తుంది. లోపలి వైపు ఎవరు చూస్తారు? యాభై గ్రాముల మట్టి, అంటే ఒక కోడిగుడ్డంత బరువు, రిమ్ము అంచున ఒకే చోట ఉంటే 80 కిలోమీటర్ల వేగంలో దాదాపు నాలుగు కిలోల బరువుతో లాగినట్టు చక్రాన్ని సెకనుకి పదిసార్లు కుదుపుతుంది. పైగా ఆకివీడు వీధుల్లో ముప్ఫైలో తిరిగినంతసేపూ ఏమీ తెలియదు. తాడేపల్లిగూడెం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కాక మొదలవుతుంది. "హైవే మీద రోడ్డు బాలేదు" అనేస్తారు.

కాబట్టి ఏ షెడ్డుకీ పోకముందే, పైసా ఖర్చు లేకుండా, నాలుగు చక్రాల లోపలి వైపూ నీళ్ళు బలంగా కొట్టి కడిగించండి. అప్పటికీ వణుకు పోకపోతే టైర్ల గాలి చూపించండి, పక్కల్లో ఉబ్బు ఉందేమో చేత్తో తడిమి చూడండి. ఉబ్బున్న టైరు పేలే టైరు. దాంతో ప్రయాణం వద్దు. చక్రాల నట్లు బిగించి చూడమనండి. టైరు విప్పి మళ్ళీ వేసిన ప్రతిసారీ వంద కిలోమీటర్లలోపు నట్లు ఇంకోసారి బిగించుకోవాలి. ఉన్నట్టుండి మొదలై క్షణక్షణానికీ పెరిగే ఊపుకి మొదటి అనుమానం వదులైన నట్ల మీదే. అప్పుడు ఇంటికి చేరాక చూద్దాం అనుకోకుండా బండి పక్కకి ఆపించాలి.

ఇంకో మాట. అలైన్‌మెంటు, బ్యాలెన్సింగ్ రెండూ ఒకటి కావు. అలైన్‌మెంటు చక్రాలు తిన్నగా చూస్తున్నాయా లేదా అన్నది. అది తప్పితే బండి ఒక పక్కకి లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. వణుకు పోవడానికి చెయ్యాల్సింది బ్యాలెన్సింగ్.

మా వదిన కాళ్ళ కింద

మా అన్నయ్యావాళ్ళు నాలుగేళ్ళ క్రితం కొన్న బండి ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. అప్పటికే పదేళ్ళు తిరిగినది. వదినకి నడుంనొప్పి. నెలకోసారి రాజమండ్రి డాక్టరు దగ్గరికి అందులోనే ప్రయాణం. వెళ్ళేటప్పటి నొప్పి కన్నా వచ్చేటప్పటిది ఎక్కువ. "కాళ్ళ కింద జుయ్యిమంటోందండీ" అని మూడు నెలలు చెప్పింది. అలైన్‌మెంటు చేయించారు. ముందు టైర్లు రెండూ కొత్తవి వేయించారు. స్టీరింగు వెన్నలా అయింది, అన్నయ్య మొహం వెలిగింది, వదిన కాళ్ళ కింద మాత్రం అదే తుమ్మెద.

చివరికి ఉండి రోడ్డులో ఒక చిన్న షెడ్డులో పెద్దాయన ఒకాయన అన్నయ్యని కాకుండా వదినని అడిగాడు. "ఎప్పుడొస్తాదమ్మా అది?" వదిన తడుముకోలేదు. "అరవై దాటాక. అదీ ఎక్సిలేటరు తొక్కినప్పుడే. కాలు తీసేస్తే తగ్గుతుంది. బయల్దేరేటప్పుడు కింద టక్కుమని ఒక దెబ్బ." ఆయన ఇంకేం అడగకుండా చక్రాలకి అడ్డం పెట్టి, బండి కిందికి దూరి, షాఫ్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. వెనక క్రాసు మూతల చుట్టూ కుంకుమలాంటి ఎర్రపొడి. లోపల సూదుల్లాంటి బేరింగులు గ్రీజు లేక తుప్పుపట్టి పొడైపోయాయన్నమాట. వానాకాలం రోడ్డెక్కిన నీళ్ళలోంచి పోయిన బండి, తర్వాత ఎవరూ గ్రీజు కొట్టించలేదు.

ఆ క్రాసు పూర్తిగా విరిగిపోతే ఏమవుతుందో ఆయన చెప్పాక మేం చాలాసేపు మాట్లాడలేదు. వెనక క్రాసు విరిగితే బండి కదలదు, షాఫ్టు చివర కిందపడి ఈడ్చుకుంటూ వస్తుంది. ముందుది విరిగితే ఇంకా ప్రమాదం. షాఫ్టు మొన రోడ్డులో గుచ్చుకుంటే పరుగెత్తే బండిని ఎత్తి పడేస్తుంది. "పాత బండి కదా" అన్న మాట వెనక ఇంత ఉంది.

విప్పే ముందు ఆయన షాఫ్టుకీ, అది బిగిసే చోటుకీ సుద్దతో గీత గీశాడు. మళ్ళీ బిగించేటప్పుడు ఆ గీతలు కలవాలి. షాఫ్టు రెండు చివర్లూ ఒకదానికొకటి సరిగా కుదరకపోతే కొత్త క్రాసు వేసిన బండి కూడా వణుకుతుంది. మీ బండికి ఈ పని జరుగుతుంటే గీత గీశారో లేదో ఒక చూపు వెయ్యండి, తప్పేమీ లేదు. వదిన నడుంనొప్పి మాయమైపోయిందని మాత్రం అనను. ప్రయాణం చేసి వచ్చిన రాత్రి నిద్రపడుతోంది.

నడుం సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. కూర్చున్న మనిషి వెన్నుకి సెకనుకి నాలుగు నుంచి ఎనిమిదిసార్లు కిందికీ పైకీ ఊగే ఊపు ఎక్కువ బాధిస్తుంది. మనిషి ఒంటిపై కంపనాలను కొలిచే ఐఎస్‌ఓ 2631 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఈ ఊపులకే ఎక్కువ విలువ కడుతుంది. గంటకి నలభై యాభై కిలోమీటర్ల వేగంలో వంకర రిమ్మో, ఉబ్బిన టైరో ఇచ్చే ఊపు సరిగ్గా ఈ లెక్కలోకే వస్తుంది. మన ఊళ్ళ మధ్య బళ్ళు నడిచే వేగమూ అదే.

నిలబడ్డప్పుడే వణికితే

గేటు దగ్గర ఆగి ఉన్నప్పుడు అద్దాలు గజగజలాడి, బండి కదిలాక సర్దుకుంటే అది చక్రాల తప్పు కాదు. డీజిల్ ఇంజనుకి కొంత దడ సహజం. కానీ ఏసీ వెయ్యగానే బాగా పెరిగితే మౌంటింగు రబ్బర్లు చూపించండి. సైలెన్సరు గొట్టం వేలాడదీసే రబ్బరు తెగి ఛాసిస్‌కి తగిలినా ఇలాగే మోగుతుంది. చాలా చవకలో పోయే తప్పు అది. క్లచ్చి తొక్కగానే వణుకు మారితే క్లచ్చి వైపు వెతకాలి. బ్రేకు వేసినప్పుడే స్టీరింగు అదిరితే బ్రేకు డిస్కులు సమంగా లేవని.

చక్రాలదా ఇంజనుదా అని తేలకపోతే, ఖాళీ రోడ్డు మీద వణుకు వచ్చే వేగంలో డ్రైవరుని ఒక్క నిమిషం గేరు న్యూట్రల్‌లో పెట్టమనండి. వణుకు అలాగే ఉంటే చక్రాల వైపు. పోతే ఇంజను వైపు, లేదా మా వదిన బండిలాగా బరువు పడితేనే బయటపడే క్రాసు. తాళం మాత్రం తిప్పకూడదు సుమా! ఇంజను ఆగితే బ్రేకూ, పవర్ స్టీరింగూ బిగుసుకుపోతాయి.

కొనబోయే ముందు

అమ్మేవాళ్ళు బండిని సందుల్లో తిప్పి చూపిస్తారు. ముప్ఫై వేగంలో ఏ బండైనా బుద్ధిమంతురాలే. హైవే ఎక్కించి ఎనభైలో చూపించమనండి. మీరు మధ్య సీట్లో కూర్చోండి, పాదాలు చెప్పులు విడిచి నేల మీద ఆనించండి. మాటలు, పాటలు ఆపించండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో బళ్ళు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. ఆ బుడమేరు చివరికి కలిసేది మన కొల్లేట్లోనే! నీట మునిగిన బండికి పైన రంగు వెయ్యడం తేలిక. బేరింగుల్లో, క్రాసుల్లో చేరిన నీరు లోలోపల గ్రీజుని తినేస్తుంది. కాళ్ళ కింద కార్పెట్టు ఎత్తి చూడండి, సీట్లు జరిగే పట్టాల మీద తుప్పు, సందుల్లో సన్నటి బురద కనిపిస్తే బేరం ఆపెయ్యండి. రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు నిండాక ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి కాబట్టి ఆ కాగితం తేదీ కూడా చూడాలి.

టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. 1819 అని ఉంటే 2019లో 18వ వారంలో తయారైందని అర్థం. స్టెపినీ కూడా దింపించి ఆ అంకెలు చదవండి. నాలుగు టైర్లూ కొత్తవి వేసి అమ్మేవాళ్ళు కూడా దాన్ని మార్చరు. బండి కొన్నప్పటి టైరు అదే అయి ఉంటుంది.