కూపనిమిత్తములు

నూతులయెడ మన పూర్వులకు గల శ్రద్ధ వ్యాకరణమునందును గానవచ్చును. పాణిని చతుర్థాధ్యాయ ద్వితీయపాదమున విపాశానదికి ఉత్తరతీరమందలి నూతుల పేళ్లకు అఞ్ ప్రత్యయమును విధించెను. దత్తుడు త్రవ్వించిన నూయి ఏ తీరమందున్నను దాత్తమే. కాని ఉత్తరతీరమున నది ఆద్యుదాత్తము, దక్షిణతీరమున అంతోదాత్తము. నూతిపేరి స్వరభేదమునకే చెవియొగ్గినవారు నీటి రుచిభేదము నుపేక్షింతురా?

ఆఱవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో, ఉత్పాతాధ్యాయమున, నూతులు పొగలు గ్రక్కుట, క్రాగుట, ఏడ్చుట, పాడుట జనమారమునకు సూచకములనియు, నీటి గంధరసములు మాఱుట మహాభయసూచకమనియు జెప్పి, శాంతికై వరుణపూజను విధించెను. ఇట్టి విశ్వాసము మనకే పరిమితము గాదు. ఐర్లండు దేశపు పుణ్యకూపములు కొన్నిటిలో చేప కనబడినచో రోగి స్వస్థుడగునని యచటివారు నమ్ముచుండిరి.

ఇవి యన్నియు నొక్కతీరువియేనా? కావని బాపట్ల తీరము చూచినవారికి దోచును. అచటి యిసుకనేలలలో నింకిన వాననీరు తేలికయగుటచే లోని యుప్పునీటిపై పొరగా నిలుచును. కావుననే రైతులు లోతునకు బోక దొరువులు త్రవ్వి పైనీటినే తోడుకొనుచు వచ్చిరి. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధనకేంద్రము ఈ దొరువు పద్ధతినే సంస్కరించినది. లోతునకు గొట్టములు దింపి మితిమీఱి తోడినచో ఉప్పునీరు పైకెగయును. మంచినీటిమట్టము ఒక అడుగు తగ్గినచో, అడుగున ఉప్పునీటి హద్దు కాలక్రమమున సుమారు 40 అడుగులు లేచునని శాస్త్రజ్ఞుల గణన. తెనాలి ప్రాంతమున కృష్ణకాలువల నీరింకి నూతులను బోషించును. రేపల్లె దాటి సముద్రమును సమీపించిన కొలది ఉప్పునీటి భయము హెచ్చును.

హేతువు కారకమనియు జ్ఞాపకమనియు ద్వివిధము. పొగ నిప్పును బుట్టింపదు, తెలుపును. నూతినీరు ఉప్పనగుట అట్టి జ్ఞాపకహేతువు. అది నిజముగా భవిష్యత్తును జెప్పుటలేదు. భూగర్భమున నప్పటికే యారంభమైన కీడును దెలుపుచున్నది. మనకది కానరాదు గనుక భవిష్యత్తని పేరిడితిమి. నూయి పాడునన్న మాటకు యుక్తి దొరకదు. రుచి మాఱిన భయమన్న మాటకు గలదు. రెంటిని గలిపి నమ్మువాడును, రెంటిని గలిపి నవ్వువాడును సమముగా బొరబడుదురు. బడులలో నీ వివేకమును బోధింపవలయును.

ఇక శాంతి యేది? తోడుట తగ్గించి, వాననీటిని నేలలో నింకించుట. వరుణునకు నేడు మనము చేయదగిన పూజ యిదియే.