కాదన్న మాట ఎక్కడ తగులుతుంది?

తిరస్కారం బాధిస్తుందన్నది మాటవరసకు అనే మాట కాదు. 2003లో అమెరికా పరిశోధకురాలు నవోమీ ఐసెన్‌బర్గర్ బృందం కొందరిచేత కంప్యూటర్‌లో బంతాట ఆడించింది. కాసేపయ్యాక తెరమీది ఆటగాళ్ళు వాళ్ళకు బంతి వేయడం మానేశారు. ఒళ్ళు నొప్పితో బాధపడేటప్పుడు పనిచేసే మెదడు భాగంలో అంతమాత్రానికే చలనం హెచ్చింది. ముక్కూమొహం తెలియనివారు బంతి వేయకపోతేనే ఇలా ఉంటే, పెళ్ళిచూపులకు వచ్చి వెళ్ళినవారు మళ్ళీ కబురు చేయకపోతే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. ‘ఈమాత్రానికేనా’ అని తీసిపారేసే ఓదార్పు అందుకే ఎవరికీ పనికిరాదు.

అయితే ఒకే మాట అందరికీ ఒకే చోట తగలదు. కోనసీమలోని అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారి కాయను చెవి దగ్గర ఆడించి, నచ్చకపోతే రాశిలోంచి పక్కకు నెడతాడు. పక్కన పడే కాయలు పెరుగుతున్నకొద్దీ ఒక రైతు ‘లోపం ఎక్కడుంది?’ అని కాయను చేతిలోకి తీసుకుని చూస్తాడు. ఇంకో రైతుకు కాయల మీద ధ్యాస ఉండదు. ఏళ్ళ తరబడి తెలిసిన మనిషి తన సరుకును కాదన్నాడే అని మనసు చివుక్కుమంటుంది. మూడో రైతుకు నలుగురిలో మాట పడిపోయిందన్న కష్టం.

హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ ఈ మూడు తీరుల వెనుక ఉన్నవాటిని సాధన ప్రేరణ, అనుబంధ ప్రేరణ, అధికార ప్రేరణ అన్నాడు. మూడూ ప్రతివారిలోనూ ఉంటాయి, పాళ్ళు మారతాయి. మొదటివాడికి కావలసింది తప్పు ఎక్కడ జరిగిందో తేల్చి చెప్పడం. రెండోవాడికి ముందు పక్కన కూర్చునే మనిషి కావాలి, లెక్కలు తర్వాత. మూడోవాడికి నలుగురిలో కాకుండా చాటుగా చెప్పడమే సగం ఊరట. గల్ఫ్ ఉద్యోగానికి ఎంపిక కాక రాజోలు తిరిగొచ్చిన కుర్రాడితో ఏం మాట్లాడాలో తేల్చుకునేముందు, అతను ఈ ముగ్గురిలో ఎవరికి దగ్గరో చూడాలి. ఇళ్ళలో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది: తమకు ఏది ఊరటో ఎదుటివారికీ అదే ఊరటనుకోవడం.

తిరస్కార భయం లాంటిదే ఓటమి భయం; అదీ రకరకాల వేషాలు వేస్తుంది. కర్రకు రింగులు వేసే ఆటలో ఎక్కడ నిలబడాలో ఆడేవారికే వదిలేసి పరిశోధకులు గమనించారు. సాధన ప్రేరణ గలవారు మరీ దగ్గరా కాదు, మరీ దూరమూ కాదు, గురి కుదిరే చోట నిలబడ్డారు. ఓటమికి జంకేవారు కర్ర పక్కనైనా నిలబడతారు, అందనంత దూరమైనా పోతారు. అంత దూరం నుంచి తప్పితే ఎవరూ తప్పుపట్టరు కదా! గ్రూప్-1 తప్ప మరేదీ రాయనని భీష్మించుకున్న అభ్యర్థులందరూ అలాంటివారని కాదు గానీ, కొందరి పట్టుదల వెనుక ఈ భయం ఉండే అవకాశం లేకపోలేదు.

ప్రేరణ పుట్టుకతో వచ్చి అలాగే ఉండిపోతుందా? దీనికి జవాబు వెతికిన ప్రసిద్ధ ప్రయోగం కోనసీమకు పొరుగునే, కాకినాడలో మొదలైంది. 1964లో మెక్‌క్లెలాండ్ బృందం కాకినాడ వ్యాపారులను హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించింది. అక్కడ వారు బొమ్మలు చూసి కథలు అల్లారు, ఆ కథల్లో తమ ఆలోచన ఎటు మొగ్గుతోందో గమనించారు, రింగులాట ఆడారు, ఎవరి లక్ష్యం వారు రాసుకున్నారు. తర్వాతి రెండేళ్ళలో వారు, శిక్షణ పొందనివారికంటే ఎక్కువగా కొత్త పెట్టుబడులు పెట్టారు, ఎక్కువమందికి పని చూపించారు. పాత ఆచారాలు ఇందుకు అడ్డు రాలేదని మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ 1969లో తమ పుస్తకంలో రాశారు. కొత్త ప్రేరణ నిలవాలంటే ఒంటరిగా కుదరదనీ, ఆప్యాయంగా ఆదరించే బృందం ఉండాలనీ మెక్‌క్లెలాండ్ గట్టిగా నమ్మాడు. అందుకే వ్యాపారులను ఒక్కొక్కరుగా కాక, ఒకే ఊరివారిని కలిపి కూర్చోబెట్టి నేర్పారు. ఇంటికి వెళ్ళాక కూడా రోజూ ఒకరికొకరు ఎదురుపడేవాళ్ళు వాళ్ళే.