కొండ మీద ‘కట్’ చెప్పేవాళ్లుండరు!

తెరమీద హీరో సంచీ భుజాన వేసుకుంటాడు. పాట ఎత్తుకుంటుంది. మొదటి చరణంలో విమానం దిగుతాడు, రెండో చరణంలో మంచులో నడుస్తుంటాడు, పాట అయ్యేసరికి శిఖరం ఎదుట చేతులు చాచి నిలబడతాడు. అంతా కలిపి అయిదు నిమిషాలు! ఎడిటర్ కత్తెర మహిమ అది. మన ఊపిరితిత్తులకు మాత్రం ఎడిటర్ లేడు. హిమాలయాలకు పోదామని బ్రాడీపేట అడ్డరోడ్ల మీద, టీ బడ్డీల దగ్గర ప్లాన్లు వేసుకునే కుర్రకారు ముందుగా తెలుసుకోవలసింది ఇదే.

ఈ ముచ్చట పుట్టించిన వాటిలో సినిమాల వాటా తక్కువేం కాదు. 2015లో నాగ్ అశ్విన్ తన మొదటి చిత్రం ‘ఎవడే సుబ్రమణ్యం’లో నానిని దూద్ కాశి వెతుక్కుంటూ హిమాలయాలకు నడిపించారు. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దారిలో తీసిన ఆ దృశ్యాలు చూసి, “ఒక్కసారైనా పోవాలిరా” అనుకోని వాళ్లు అరుదు. 2022లో హిందీ ‘ఊంచాయి’ వచ్చింది. అందులో అమితాబ్, అనుపమ్ ఖేర్, బొమన్ ఇరానీలు ముసలితనంలో అదే బేస్ క్యాంప్‌కు బయల్దేరతారు. “ఆ పెద్దాయనలే వెళ్తే మనకేం?” అనిపించడం సహజం. అసలు తిరకాసు అక్కడే ఉంది!

భువనగిరి రాళ్ల నుంచి...

సినిమా పక్కన పెట్టి నిజం కథ చూద్దాం. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. 2014 మే 25న, రాష్ట్రం విడిపోవడానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి పూర్ణకు 14 ఏళ్లు కూడా నిండలేదు. 2017లో రాహుల్ బోస్ ‘పూర్ణ’ పేరుతో ఆమె కథను సినిమాగా తీశారు. పూర్ణ వేషం అదితి ఇనాందార్ వేసింది.

రెండు గంటల సినిమాలో మనకు కనిపించేది కొంతే. అసలు తయారీ భువనగిరి రాళ్ల మీద శేఖర్ బాబు గారి శిక్షణతో మొదలైంది. తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లడఖ్ చలి. ఆఖరి యాత్ర ఒక్కటే 52 రోజులు! పిల్లలను మెట్టుమెట్టుగా పైకి అలవాటు చేశారన్నమాట.

గాలిలో ఏముంది?

ఇంతకీ ఎత్తుకు పోతే జరిగేదేమిటి? గుంటూరు సముద్రమట్టానికి సుమారు 30 మీటర్ల ఎత్తులో ఉంది. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ఎత్తు 5,364 మీటర్లు. గాలిలో ఆక్సిజన్ పాళ్లు అక్కడా ఇక్కడా ఒకటే, నూటికి 21 వంతులు. కానీ అక్కడ గాలి వత్తిడి ఇక్కడి దాంట్లో సగమే. అంచేత ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువూ సగమే. ఒళ్లు దీనికి అలవాటు పడుతుంది, కాకపోతే తొందరపెడితే మొరాయిస్తుంది.

విచిత్రం ఏమిటంటే, కండలు తిరిగినవాడికీ ఈ జబ్బు మినహాయింపు ఇవ్వదు. ఇంకా చెప్పాలంటే కండలున్నవాడే గబగబా ఎక్కేసి ముందు పడకేస్తాడు.

అందుకే మొదటిసారే బేస్ క్యాంప్ అనకండి. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ లాంటిది ఎంచుకోండి. 3,810 మీటర్లు, కొద్దిరోజుల నడక. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఆగాలి. బేస్ క్యాంప్‌కు పోయేవాళ్లు 3,440 మీటర్ల నామ్చే బజార్‌లో రెండు రాత్రులు ఉండేది షాపింగ్‌కు కాదు!

ఇక్కడ చేయగలిగింది

కాళ్లూ గుండే మాత్రం గుంటూరులోనే తయారవుతాయి. మూడు నెలల ముందు మొదలుపెట్టండి. వారానికి నాలుగు రోజులు ఎండ ముదరకముందే గంటసేపు వడిగా నడవండి. ఆదివారం మంగళగిరి మెట్లో, కోటప్పకొండ మెట్లో, కొండవీడు ఘాట్ రోడ్డో ఎక్కండి. వీపు మీద నాలుగు కిలోల సంచీతో మొదలుపెట్టి మెల్లగా ఎనిమిదికి పెంచండి. పక్కవాడికి సినిమా కథ చెబుతూ నడవగలిగితే మీ వేగం సరైనదే. కథ మధ్యలో ఆగిపోయిందా, నెమ్మదించండి. దిగడం కూడా సాధన చేయాలి, మోకాళ్ల పరీక్ష అక్కడే.

బూట్లు కొత్తవి కొని పెట్టెలో దాచి, కొండ కింద విప్పకండి. నెలరోజులు ఇక్కడే తొడిగి అరగదీయండి. ఇక బట్టలు... పత్తి పండించే జిల్లావాళ్లకు చెప్పడం కష్టంగానే ఉంది గానీ, అక్కడ నూలు బట్ట పనికిరాదు. చెమట పీల్చుకుని ఆరదు, వంటి వేడి లాగేస్తుంది. లోపల పాలియెస్టర్ గానీ ఉన్ని గానీ, ఆపైన స్వెట్టరు, అన్నిటికన్నా పైన గాలీ వానా ఆపే కోటు వేసుకోవాలి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే చలి సుమారు ఆరున్నర డిగ్రీలు పెరుగుతుంది.

ఎసిటజోలమైడ్ మాత్రల గురించి వినే ఉంటారు. స్నేహితుడు చెప్పాడని మింగకండి. బయల్దేరే ముందే డాక్టరును కలవండి, సల్ఫా మందులు పడకపోతే ఆ మాట తప్పక చెప్పండి.

పరువా, ప్రాణమా?

అన్నిటికన్నా ముఖ్యమైన తయారీ నోటిది. తలనొప్పి, వాంతి, నిస్త్రాణ కనిపిస్తే వెంటనే పక్కవాళ్లకు చెప్పాలి. “నలుగురిలో నవ్వులపాలవుతాను” అని దాచుకోవడమే చాలా ప్రమాదాలకు మూలం. లక్షణాలు తగ్గేదాకా ఒక్క అడుగు పైకి వేయకూడదు. ఎవరైనా తాగినవాడిలా తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా మెదడుకో ఊపిరితిత్తులకో నీరు చేరుతోందన్నమాట. అర్ధరాత్రయినా సరే కిందికి దించాలి. ఒంటరిగా పంపకూడదు.

నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలనూ 172 రోజుల్లో ఎక్కినవాడు. అంతటివాణ్ణీ 2015 మార్చిలో ఆండీస్ పర్వతాలు తిరిగి పంపలేదు. కొండకు మన రికార్డులతో పనిలేదు.

శిఖరం వంద మీటర్ల దూరంలో ఉండగా వెనక్కి తిరిగినవాడికి మరుసటేడు మళ్లీ టికెట్ దొరుకుతుంది. ఈసారికి మీరు అక్కడిదాకా వెళ్లినా, మధ్యలో దిగివచ్చినా, కబుర్లు వినడానికి బ్రాడీపేటలో నలుగురు ఎదురుచూస్తూ ఉంటారు. వాళ్లకు కావలసింది మీ ఫొటో కాదు, మీరు!