పెద్దప్రేగు క్యాన్సరు – బ్రతుకునకు ఆశ యెంత?

మన పెద్దలు రాచపుండని పిలిచిన వ్యాధి ఇంటిలో నొకరి పెద్దప్రేగునందు కలదని వైద్యుడు చెప్పిన దినమున, ఆ యింటి యిల్లాలి మనస్సున మెదలు ప్రశ్న యొక్కటియే: "ఇక నెన్నాళ్లు?" దానిని పైకి అడుగుటకు నోరు రాదు. అడిగినచో ఒక బంధువు "ఏమియు భయము లే"దనును. మఱియొకరు పెదవి విఱుతురు. ఈ రెండును జవాబులు కావు. సరియైన జవాబు శస్త్రచికిత్స పిమ్మట వచ్చు పరీక్షా పత్రమున నుండును.

ఈ వ్యాధి తఱచుగా ప్రేగు లోపలి పొరపై చిన్న పిలక వలె మొదలై, ఏండ్ల తరబడి మెల్లగా పెరుగును. ప్రేగుగోడకును, దాని నంటియున్న భాగమునకును పరిమితమైనంతవఱకు మొదటి రెండు దశలు. ప్రక్కనున్న లింఫు గ్రంథులను జేరినచో మూడవది. కాలేయమునకో, ఊపిరితిత్తులకో ప్రాకినచో నాలుగవది. 1932లో లండను నగరమందలి సెయింట్ మార్క్స్ ఆసుపత్రి వైద్యుడు కత్బర్ట్ డ్యూక్స్ పురీషనాళపు క్యాన్సరును వ్యాప్తినిబట్టి తరగతులుగా విభజించెను. నేటి దశల లెక్కకు అది యొక పునాది.

అమెరికా దేశపు జాతీయ గణాంకములలో, ఇతర కారణముల మరణములను మినహాయించి చూడగా, వ్యాధి ప్రేగుననే యుండగా బయటపడినవారిలో నూటికి సుమారు 90 మంది అయిదేండ్ల పిమ్మటను జీవించియున్నారు. గ్రంథులకు ప్రాకినవారిలో 70 మందికి పైగాను, దూరపు అవయవములకు ప్రాకినవారిలో సుమారు 15 మందియు నట్లున్నారు. మన దేశమున వ్యాధి ఆలస్యముగా బయటపడుట తఱచు గావున, మొత్తముమీద ఫలితము లింత బాగుగా లేవు.

సోదరీమణులారా, ఈ అంకెలను చదువుటలో జాగ్రత్త వలయును. అయిదేండ్లనగా ఆయుస్సునకు గీచిన గీటు కాదు. ఈ వ్యాధి తిరుగబెట్టినచో చాలమందికి మొదటి మూడేండ్లలోనే తిరుగబెట్టును. అయిదేండ్లు దాటిన పిమ్మట అది అరుదు. అందుచే వైద్యులు ఆ గడువును పెట్టుకొనిరి. మఱియు, అంకె గుంపును గూర్చి చెప్పును గాని మన యింటి మనిషిని గూర్చి చెప్పదు. స్టీఫెన్ జే గూల్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞునకు 1982లో కడుపు లోపలి పొరకు వేఱొక క్యాన్సరు వచ్చెను. ఆ రోగులలో సగముమంది ఎనిమిది నెలలలోనే మరణింతురని గ్రంథములు చెప్పుచుండెను. మిగిలిన సగముమంది మాట యేమని ఆయన ఆలోచించెను. ఆ పిమ్మట ఇరువది సంవత్సరములు జీవించెను.

కావున వైద్యుని "ఎన్నాళ్లు?" అని యడుగుటకు ముందు ఈ ప్రశ్న లడుగవలెను. ఇది యెన్నవ దశ? ఎన్ని గ్రంథులను పరీక్షించిరి? పండ్రెండుకు తక్కువ చూచినచో దశ నిర్ణయము గట్టిది కాదు. కోసిన అంచులలో వ్యాధి మిగిలెనా? వంశపారంపర్యమును తెలుపు పరీక్ష చేసిరా? మూడవ దశలో శస్త్రచికిత్స పిమ్మట మందుల చికిత్స అవసరము. అది తిరుగబెట్టు భయమును తగ్గించును. 1957లో వెలువడిన ఫ్లోరోయురాసిల్ నేటికిని అందులో ముఖ్యము. దానికి తోడుగా నిచ్చు ల్యూకోవొరిన్ ఫోలిక్ ఆమ్లపు జాతికి చెందినది. 1940వ దశాబ్దమున ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా సిద్ధపఱచిన బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. నాలుగవ దశలో సైతము, కాలేయమందలి గడ్డలు కొద్దిగా నుండి, వానిని పూర్తిగా తొలగింప గలిగినచో, కొందఱు దీర్ఘకాలము జీవించుచున్నారు.

ఇంటివారి చేతిలో నున్న పనియు నొకటి కలదు. 2025లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, మందుల చికిత్స ముగిసిన 889 మందిని రెండు భాగములుగా చేసి, ఒక భాగమువారిచే మూడేండ్లు క్రమముగా వ్యాయామము చేయించిరి. ఎనిమిదేండ్లకు వారిలో నూటికి 90 మంది జీవించియుండిరి. పుస్తకపు సలహాలు మాత్రమే పొందినవారిలో 83 మంది. చికిత్స ముగిసినవారిని మంచమున కట్టివేయుట ప్రేమ కాదు. వైద్యుని అనుమతితో ప్రతిదినము వెంటబెట్టుకొని నడిపించుటయే ప్రేమ.

మఱియొక మాట. స్త్రీలు తమ విరేచనమున రక్తము కనబడినను మూలశంక యని యూరకుందురు. రక్తహీనత వచ్చినచో ముట్టుపై నెట్టుదురు. విరేచనపు వాడుక మాఱి కొన్ని వారములు నిలిచినను పెరటిమందుతో గడుపుదురు. నూటికి 90 అను అంకె పదునైదుగా మాఱుట కీ యాలస్యము ఒక కారణము. రోగి యన్నదమ్ములును, అక్కచెల్లెండ్రును, పిల్లలును నలువదవ యేటనో, రోగికి వ్యాధి బయటపడిన వయస్సుకు పదేండ్లు ముందుగనో, ఏది ముందైన నప్పుడు, ప్రేగును గొట్టముతో చూపించుకొనవలెను. కనబడిన పిలకలను అప్పుడే తీసివేయవచ్చును.

తుదకు, రోగికి నిజము చెప్పవలెనా? దాచుట దయ యని మన యిండ్లలో తలంతురు. కాని ఇంటివారి గుసగుసలు ఆయనకు వినబడకపోవు. చిన్నకుమార్తె పెండ్లిని గూర్చియో, పొలము పంపకమును గూర్చియో ఆయన తలచినది తలపుననే మిగిలిపోవచ్చును. ఎంతవఱకు తెలిసికొన గోరుచున్నారో ముందుగా ఆయననే యడిగి, అంతవఱకు చెప్పుట మేలు. అంకెను దాచిన యింట భయ మొంటరిగా పెరుగును. పంచుకొనిన యింట ఆ భయమును మోయుటకు నలుగురుందురు.